తలెత్తి చూస్తున్న కంచుపిల్ల

నేను ఒక కంచు నాట్యకత్తెను. నాట్యం రాదు. పుట్టిన దగ్గర్నుంచీ ఒక స్పీకరు పెట్టె మీద కూర్చునే ఉన్నాను. కుడికాలి జోడు విప్పి పక్కన పడేసి, ఆ కాలు ఎడమ మోకాలి మీద వేసుకుని, నొప్పెట్టిన బొటనవేలు నొక్కుకుంటూ, ఉన్నట్టుండి ఏదో చప్పుడు విన్నదానిలా తలెత్తి పక్కకి చూస్తుంటాను. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక కళాకేంద్రంలో, గాజుతలుపుల లోపల, నల్లరాతి దిమ్మ మీద నా కాపురం.

వచ్చినవాళ్ళు నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి తలా ఒక మాట అంటారు. కాల్లో ముల్లు దిగినట్టుందని ఆడవాళ్ళు జాలిపడతారు. నేను ప్రియుడి కోసం ఎదురుచూస్తున్నానని కాలేజీ పిల్లలు తేల్చేశారు. రిటైరైన ప్రొఫెసరు ఒకాయన నా చూపులో ఐరోపా ఖండపు ఒంటరితనమంతా ఉందని శిష్యులకి చెప్పి, వాళ్ళు రాసుకునేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. నా చూపులో ఐరోపా లేదు, ప్రియుడూ లేడు. తెనాలిలో ఒక సందులో ఆగిన మోటారుసైకిలు ఉంది.

కంచు అనగానే మీకు ధైర్యం గుర్తొస్తుంది. కంచుకంఠం, కంచుకోట అంటూ మా లోహం పేరు చెప్పుకుని రొమ్ము విరుచుకుంటారు. నా సంగతి వేరు. పోతపోసింది కంచుతోనే అయినా లోపల నింపింది మాత్రం భయం. అందులో నాది కొంత. మిగతాదంతా ఒక మనిషిది.

నా పుట్టిల్లు తెనాలిలో సోమలింగాచారి గారి శిల్పశాల. అక్కడ పుట్టేవాళ్ళంతా నాయకులే. చెయ్యెత్తి దారి చూపించేవాళ్ళు, చేతులు జోడించి నవ్వేవాళ్ళు, పుస్తకం పట్టుకుని చదవనివాళ్ళు. ఆచారి గారి పనికి ఒకటే సూత్రం, పోలిక. మట్టిబొమ్మ తయారవగానే చనిపోయినాయన ఇంటివాళ్ళకి కబురు పంపిస్తారు. వాళ్ళు కుటుంబమంతా కారేసుకుని వచ్చి మట్టి ముందు నిలబడి, "మావయ్య గారి మూతి కాస్త ఎడమకి లాగేదండీ" అని ఒకరూ, "చెవులింత పెద్దవి కావు" అని ఒకరూ సణుగుతారు. ఆయన సర్దుతారు. ఆఖరికి ఆ ఇంటి ఇల్లాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడిస్తే పోలిక కుదిరినట్టు. అప్పుడుగానీ అచ్చు తియ్యరు. పోలిక లేని బొమ్మా ఉప్పు లేని పప్పూ ఒకటేనని ఆయన నమ్మకం.

ఆయనకి ఒక్కతే కూతురు, ప్రసూన. విశాఖలో శిల్పం చదువుకుని వచ్చి తండ్రి పక్కనే మట్టి పిసుకుతోంది. ఆ పిల్లకి కళాకేంద్రం వాళ్ళు ఒక పని అప్పగించారు. కేంద్రం కార్యదర్శి వామనరావు గారు ఉద్యోగంలో ఉండగా ఒకసారి రష్యా వెళ్ళి బ్యాలే చూసొచ్చారు. కాలివేళ్ళ కొసల మీద నిలబడి, నురగలాంటి కుచ్చుల గౌన్లు వేసుకుని, తెల్లవాళ్ళ పిల్లలు ఆడే ఆట అది. ఆయన ఆ మత్తులోంచి ఇప్పటికీ తేరుకోలేదు. పాతకాలపు ఐరోపా కళాకారులు ఆ పిల్లల్ని రంగుల్లోనూ కంచులోనూ ఎలా దింపారో చూపించే లావుపాటి పుస్తకం ఒకటి ప్రసూన చేతిలో పెట్టి, అలాంటిదే ఈ కాలానికి తగ్గట్టు చెయ్యమన్నారు.

ప్రసూన పుస్తకం తిరగేసింది. గాల్లో తేలుతున్న పిల్లలు ఏ కొద్దిమందో. మిగతావాళ్ళు బల్ల మీద చతికిలబడి ఆవులిస్తున్నారు, పాదాలు నొక్కుకుంటున్నారు, వీపు గోక్కుంటున్నారు. కొన్ని బొమ్మల్లో తెర పక్కన నల్లకోటు మనిషి ఒకడు నిలబడి చూస్తున్నాడు. ఆ పిల్లలు చాలామంది పేదింటివాళ్ళనీ, తెర పక్కదాకా వచ్చి నిలబడే వీలు డబ్బున్న మగవాళ్ళకే ఉండేదనీ కింద రాసి ఉంది. ప్రసూన పుస్తకం మూసి, వీళ్ళని నేను చూశాను నాన్నా అంది. చిన్నప్పుడు తిరునాళ్ళలో రికార్డింగ్ డాన్సు స్టేజీ వెనక, టార్పాలిన్ చాటున, ఇలాగే కూర్చుని కాళ్ళు నొక్కుకునేవాళ్ళని చెప్పింది. ఆచారి గారికి అది రుచించలేదు గానీ, కూతురి పనికి అడ్డు చెప్పే అలవాటు లేదు.

అదే సందులో రెండిళ్ళ అవతల మంగతాయారు అని ఒకావిడ ఉండేది. నలభై దాటని మనిషి. చీరలకి ఫాల్స్ కుట్టి, జాకెట్లు కుట్టి, కూతుర్ని గుంటూరులో నర్సింగు చదివిస్తోంది. ఎవరింటికీ వెళ్ళదు, ఎవరితోనూ గట్టిగా నవ్వదు. ప్రసూన నా కుచ్చుల గౌను నమూనా ఆవిడ చేతే కుట్టించింది. వలగుడ్డ మీద వలగుడ్డ వేసి, కళ్ళు మూసి తెరిచేలోపు విప్పి ఇంకోటి తొడుక్కునేట్టు లోపల కనపడకుండా ఎలాస్టిక్ వేసి మరీ తెచ్చింది. ఇది ఎక్కడ నేర్చుకున్నావక్కా అని ప్రసూన మామూలుగానే అడిగింది. మంగతాయారు మొహం పాలిపోయింది. ఆ మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని, తన కథ చెప్పింది. పక్కన మట్టిముద్దగా కూర్చుని నేనూ విన్నాను. మట్టితో ఒట్టు ఎవరూ వేయించుకోరు కదా.

ఆవిడది రాజమండ్రి దగ్గర పల్లె. మొగుడి పేరు అబ్బులు. పేరు మెత్తనిదే గానీ చెయ్యి మెత్తనిది కాదు. రికార్డింగ్ డాన్సు ట్రూపు నడిపేవాడు. మంగతాయారుకి మోనా అని పేరు పెట్టి పెళ్ళయిన ఏడాదే స్టేజీ ఎక్కించాడు. అడుగు తప్పితే తెర వెనక కొట్టేవాడు. తప్పకపోయినా, జనం ఎక్కువ ఈలలేశారని కొట్టేవాడు. అన్నీ పడింది. కూతురు స్రవంతికి పదమూడో ఏడు వచ్చాక, ఒకరోజు అతను తళుకుల గుడ్డ తెచ్చి మిషను మీద పడేసి, పిల్ల కొలతలకి గౌను కుట్టమన్నాడు. మంగతాయారు కుట్టింది. కుట్టినంతసేపూ తన కన్నీళ్ళు గుడ్డ మీద పడకుండా చూసుకుంది. తెల్లారి పిల్లకి స్కూలు యూనిఫారం తొడిగి, స్కూలుకని బయల్దేరి బస్సెక్కేసింది. ఆ గౌను మిషను మీదే మడత పెట్టి ఉంచేసి వచ్చింది. దొరికితే దాని మొహం కాల్చేస్తాను, పిల్లని తెచ్చుకుంటాను అని అబ్బులు చుట్టపక్కాలందరి దగ్గరా శపథం పట్టాడట. వేలికి బండి తాళాల గుత్తి తగిలించుకుని గిరగిరా తిప్పుతూ మాట్లాడటం అతని అలవాటు. నిద్రలో కూడా నాకు ఆ గలగల వినిపిస్తుందమ్మా అని ఆవిడ చెప్పింది. అప్పట్నుంచీ నాకూ వినిపిస్తోంది.

అంతా విన్న ప్రసూన, నాకు మోడల్‌గా నువ్వే కూర్చోవాలి అని బతిమాలింది. కళాకారులకి ఎదుటివాళ్ళ కష్టం వింటే ముందు కన్నీళ్ళొస్తాయి, వెంటనే చేతులు దురద పెడతాయి. కాళ్ళూ చేతులూ నీవి, మొహం ఎవరిదో పెడతాను అని మాట ఇచ్చింది. మంగతాయారు ఒప్పుకుని, స్పీకరు పెట్టె బదులు బోర్లించిన డబ్బా మీద కూర్చుని కాలు నొక్కుకుంటూ ఉండేది. ఒకరోజు సందులో మోటారుసైకిలు వచ్చి సరిగ్గా గుమ్మం ముందు ఆగింది. ఆవిడ తల చటుక్కున లేచింది. మెడ నరాలు బిగిశాయి, పెదవులు విడిపోయాయి, కళ్ళు వాకిలి మీద నిలిచిపోయాయి. వచ్చినవాడు గ్యాసు కుర్రాడు. అడ్రసు కనుక్కుని వెళ్ళిపోయాడు. ఈలోగా ప్రసూన వేళ్ళు ఆగలేదు. ఆ సాయంత్రానికి మట్టిలో ఆ తల, ఆ మెడ, ఆ మొహం ఉన్నదున్నట్టు లేచాయి. అలా పుట్టాను నేను.

ఇంటి పద్ధతి ప్రకారం పోలిక చూడటానికి, ఆచారి గారు బయటికెళ్ళిన వేళ, ప్రసూన మంగతాయారుని పిలిచింది. ఆవిడ గుడ్డ తీసి నన్ను చూసి, నిలబడలేక నేల మీద కూర్చుండిపోయింది.

"ఇది నేనేనండి ప్రసూనమ్మా. వద్దండి. ఊరూరా తిరిగే మనిషి ఆయన. ఎక్కడో చోట కంటపడుద్ది. నేనేమైనా పర్లేదు, పిల్ల పాడైపోద్ది."

మైనంలో దింపాక మొహం మార్చేస్తానని ప్రసూన ఆవిడ చేతిలో చెయ్యి వేసింది. ఆచారి గారికి కూడా కారణం చెప్పొద్దంది మంగతాయారు. పెద్దాయనకి తెలిస్తే రికార్డింగ్ డాన్సు మనిషని తక్కువగా చూస్తారేమోనని సిగ్గు. ఆ ఒక్క సిగ్గు మా కొంప ముంచింది.

మట్టి మీద అచ్చు తీసి, అచ్చులో మైనం పోసి నన్ను మళ్ళీ చేశారు. మట్టిగా ఉన్న నేనూ మైనంగా ఉన్న నేనూ ఒకరేనా అని అడక్కండి, బడికెళ్ళిన మీరూ ఉద్యోగానికెళ్ళే మీరూ ఒకరేనా అని నేనూ అడగాల్సొస్తుంది. ప్రసూన మాట నిలబెట్టుకుంది. వేడి చేసిన సన్నటి ఇనప పుల్లతో నా కళ్ళు చిన్నవి చేసింది, బుగ్గలు నింపింది, గడ్డం గుండ్రంగా తిప్పింది. ఏడుస్తూనే చేసింది. సాయంత్రానికి నేను ఎవరినీ కాను. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. ఎవరినీ కాకపోవడమంత నిశ్చింత లేదు.

మర్నాడు ప్రసూన దిమ్మ కొలతలు చూసుకోవడానికి విశాఖ వెళ్ళింది. ఆచారి గారు గుడ్డ ఎత్తి నన్ను చూశారు. చాలాసేపు చూశారు. ఆయన కళ్ళకి కనబడింది ఒక్కటే, కూతురు పోలిక చెడగొట్టుకుంది. అలిసిపోయి ఉంటుంది, తొందరపడి ఉంటుంది, చెప్పుకోవడానికి నామోషీపడి ఉంటుంది అనుకున్నారు. మట్టిబొమ్మకి తీసిన ఫోటోలు శాలలో గోడకి గుచ్చి ఉంటాయి, అదీ ఇంటి పద్ధతే. వాటిని ముందు పెట్టుకుని దీపం వెలిగించి పుల్ల వేడి చేశారు.

నేను అరిచాను. మైనం అరుపు ఎవరికి వినిపిస్తుంది. ఒక్కొక్క గీతకీ మంగతాయారు తిరిగొస్తోంది. ఇటు కన్ను వచ్చింది, అటు కన్ను వచ్చింది, విడిపోయిన పెదవి వచ్చింది. ఆయన భోజనానికి కూడా లేవలేదు. ఇంతమంది నాయకుల మొహాలు చేసిన చేతికి ఒక నిజమైన మొహం దొరికిన సంతోషం అది. చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇప్పుడు కదూ మనిషి" అని తనలో తనే అనుకున్నారు. ఆ ప్రేమ చూస్తుంటే నాకు వణుకు పుట్టింది. కోపంతో చేసిన తప్పుకి ఎక్కడో ఒక చోట చెయ్యి తడబడుతుంది. ప్రేమతో చేసినదానికి అదీ ఉండదు.

కూతురికి చెప్పలేదు. గుడ్డ విప్పిన రోజు చూసుకుని మురిసిపోతుందని దాచారు. ఆ పిల్ల తిరిగొచ్చేలోపే నా ఒంటికి మట్టిపూత వేసి కట్టుదిట్టం చేశారు. తర్వాత కొలిమి. మైనం కరిగి బయటికి పోతేనే కంచు లోపలికి వస్తుంది. అంటే నేను చస్తేనే నేను పుడతాను. మీ వేదాంతులు ఇలాంటి మాటలు తీరిగ్గా చెబుతారు గానీ, వాళ్ళలో ఎవరికీ ముక్కులోంచి మైనం కారలేదు. విరిగిన కుళాయిలు, చిల్లుపడ్డ బిందెలు, ఏ ఓడదో ముక్కలు, అన్నీ కలిసి ఎర్రగా నాలోకి దిగుతుంటే నా భయం ఒక్కటే. ఈ మొహం చల్లారితే ఇక మారదు.

చల్లారింది. కంచు మొహానికి చివరి ఉలి వేసేది ఇంటి పెద్ద, ఆ తర్వాత గుడ్డ చుట్టేస్తారు. బొమ్మ తన చోటికి చేరి, నలుగురి ముందు కళ్ళు తెరిచేదాకా ఇంట్లోవాళ్ళు కూడా చూడరు. గోనెసంచుల్లో, ఎండుగడ్డిలో నన్ను పొదిగి లారీ ఎక్కించారు. దారిపొడుగునా నా పక్కన రయ్యిమని దూసుకుపోయే ప్రతి మోటారుసైకిలూ అబ్బులుదే అనిపించింది.

ప్రారంభం రోజున పెద్దలు మాట్లాడారు. వామనరావు గారు రష్యా గురించి చెప్పారు. గుడ్డ జారింది, చప్పట్లు మోగాయి, ఫోన్లు లేచాయి. ముందు వరసలో ప్రసూన కొయ్యబారిపోయి నిలబడింది. ఆచారి గారు కూతురి మొహంలో సంతోషం కోసం వెతుకుతున్నారు. అది దొరక్కపోయేసరికి ఆయన నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది. జనం పలచబడ్డాక ప్రసూన నా దిమ్మ వెనక్కి ఆయన్ని తీసుకెళ్ళి అంతా చెప్పింది. ఆయన మెట్టు మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూసుకుంటూ ఉండిపోయారు. "ఒక్క మాట చెప్పాల్సింది కదమ్మా" అన్నారు చివరికి.

మర్నాడు పేపర్లో నా మొహం వచ్చింది. అసలు సంగతి చెబితే గుట్టు ఊరంతా పాకుతుందని, ముక్కు దగ్గర పోత సరిగ్గా కుదరలేదు, మొహం కొంచెం సరిచెయ్యనివ్వండి అని ప్రసూన కార్యదర్శిని అడిగింది. బొమ్మ ఇప్పుడు కేంద్రానిదనీ, కమిటీ కూర్చోవాలనీ ఆయన అన్నారు. కమిటీ నా చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చుంది కూడా. ఆ ముక్కు రష్యా ముక్కేనని ఒకరు, కాదు గుంటూరు ముక్కని ఒకరు వాదించుకుని, టీ తాగి, మళ్ళీ కూర్చుందామని లేచారు.

ప్రసూన వారం వారం వచ్చి నా పక్కన నిలబడి మంగతాయారుతో ఫోన్లో మాట్లాడేది. అట్నుంచి ఆవిడ ఏమంటోందో ప్రసూన జవాబుల్ని బట్టి తెలిసేది. బట్టల సంచి సర్ది తలుపు పక్కన పెట్టుకుంది. స్రవంతిని హాస్టల్ దాటి బయటికి రావొద్దంది, సెలవులకి ఇంటికి కూడా రావొద్దంది. మిషను తొక్కడం మానేసింది, ఆ చప్పుడులో వాకిట్లో ఎవరొచ్చిందీ వినబడదని. ఇదంతా నా మొహం వల్లే. గాజుతలుపు తెరుచుకున్నప్పుడల్లా నా కంచులోంచి చలి పాకేది. ఇటు వచ్చిన మగవాళ్ళందరి చేతులూ నేను చూసేదాన్ని, వేళ్ళకి తాళాల గుత్తి ఉందా అని. మీరు నన్ను చూడ్డానికి వస్తారనుకుంటారు గానీ, నేను మిమ్మల్ని చూసినంత శ్రద్ధగా మీరెవరూ నన్ను చూడరు.

ఒక పొద్దున, కేంద్రం తెరిచిన కాసేపటికే, ఆ గలగల వినబడింది.

తెల్లచొక్కా, నల్లకళ్ళజోడు, వేలికి గిరగిరా తిరుగుతున్న తాళాల గుత్తి. కాపలా ఉండే అప్పన్న నమస్కారం పెట్టి, లోపల స్టేజీ చూస్తారా అబ్బులు గారూ అన్నాడు. ఏదో కంపెనీ వాళ్ళ వార్షికోత్సవానికి డాన్సు ప్రోగ్రాం ఒప్పుకున్నాడట. ట్రూపు అనే మాట ఇప్పుడు లేదు, ఈవెంట్లు అంటున్నాడు. స్టేజీ వైపు వెళ్ళబోతూ నన్ను చూసి ఆగాడు. తాళాలు కూడా ఆగాయి.

దగ్గరికి వచ్చాడు. పిడికిలితో మోకాలి మీద టకటకా కొట్టి, అసలు కంచేనా అని అడిగాడు. కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టుకున్నాడు. నా చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. పాదం చూశాడు, పిక్క చూశాడు, నడుము చూశాడు. మళ్ళీ ముందుకి వచ్చి, వంగి, నా కళ్ళలోకి కళ్ళు పెట్టి చూశాడు. అతని ఊపిరి నా మొహానికి తగులుతోంది. ఆ కాసేపట్లో నేను మొక్కని దేవుడు లేడు. నన్ను కరిగించండి, మళ్ళీ కుళాయిలు చెయ్యండి, బిందెలు చెయ్యండి, ఈ మొహం మాత్రం ఇతని ముందు ఉంచకండి అని మొక్కుకున్నాను. తెనాలిలో ఫాల్స్ కుట్టుకుంటున్న ఆ మనిషి ప్రాణం, గుంటూరు హాస్టల్లో ఉన్న ఆ పిల్ల బతుకు, అంతా నా రెండు కళ్ళ మీద నిలబడి ఉంది. రెప్ప వెయ్యాలనిపించింది. నాకు రెప్పలు పోతపోశారు గానీ వాల్చే ఏర్పాటు చెయ్యలేదు.

"ఏ దేశం పిల్లో గానీ, మొహంలో పొగరు చూడరా" అన్నాడు.

అప్పన్న కిసుక్కున నవ్వాడు. అబ్బులు ఫోను అతనికిచ్చి, నా మెడ చుట్టూ చెయ్యి వేసి, చెంపకి చెంప ఆనించి ఫోటో తీయించుకున్నాడు. బొమ్మని ముట్టుకోకూడదన్న సంగతి అప్పన్నకి ఫోటో తీశాక గుర్తొచ్చింది. బొమ్మ ఎవరు చేశారని అబ్బులు అడిగాడు. తెనాలి వాళ్ళండీ అన్నాడు అప్పన్న. అలాగా అని స్టేజీ వైపు వెళ్ళిపోయాడు. పోతుంటే తాళాలు మళ్ళీ తిరగడం మొదలుపెట్టాయి.

గుర్తుపట్టాడా, పట్టలేదా? పట్టి దాచుకున్నాడా? తెనాలి అనగానే ఆ "అలాగా" లో ఏముంది? ఆ వారమంతా దాన్నే నెమరేసుకుంటూ చచ్చాను. చెప్పడానికి నోరు లేదు. ప్రసూనకి అతను వచ్చినట్టే తెలియదు. నా ముందు నిలబడి కమిటీ ఒప్పుకుంది అక్కా, సోమవారం నాన్న వచ్చి మొహం తీసేస్తారు, ఇంక భయం లేదు అని ఫోన్లో చెబుతుంటే, అతను చూసేశాడని అరవలేక లోలోపల కుమిలిపోయాను.

సోమవారం ఆచారి గారు వచ్చారు. సంచిలోంచి ఆకురాయి తీసి అరచేత్తో తుడిచారు. జీవితమంతా పోలికలు తెచ్చిన మనిషి, మొదటిసారి ఒక పోలికని అరగదీయడానికి వచ్చారు. మొగుడేమో పగబట్టి ఆ మొహం కాల్చేస్తానన్నాడు. ఈయన జాలితో గీకేస్తానంటున్నారు. ఎటుతిరిగీ పోయేది ఆ మొహమే, ఆవిడని ఎవరూ ఏమీ అడగరు అనుకున్నాను. నాకు దుఃఖం వచ్చింది, భయం కంటే ఎక్కువగా. ఆకురాయి నా కనుబొమ్మకి తగిలింది. చల్లగా ఉంది.

"ఆగండి బాబాయి గారూ."

మంగతాయారు. పొద్దుటి రైలుకి వచ్చినట్టుంది, చీర నలిగి ఉంది. ప్రసూన కంగారుపడి ఎందుకొచ్చావక్కా అంటూ ఎదురెళ్ళింది. ఆవిడ నేరుగా వచ్చి ఫోను ఆచారి గారి చేతిలో పెట్టింది. అందులో అబ్బులు ఉన్నాడు, నా చెంపకి చెంప ఆనించి, పళ్ళన్నీ బయటపెట్టి. ఆచారి గారి చేతిలోంచి ఆకురాయి జారింది.

"ఆయన నలుగురికీ కనబడేట్టు పెట్టుకున్న ఫోటో అండి. ట్రూపులో నాతో చేసిన సీతాలు పంపింది, నా నెంబరు దానికొక్కదానికే తెలుసు, వైజాగులో ఉన్నాడే జాగ్రత్త అని" అంది మంగతాయారు. "చూసి తలుపేసుకున్నానండి. పొయ్యి కూడా ముట్టించలేదు. నా మొహం పక్కన మొహం పెట్టి నవ్వుతున్నాడు కదా, ఇంక అయిపోయింది, బయల్దేరాడు అనుకున్నాను. చూడ్డం, పక్కన పడెయ్యడం, మళ్ళీ చూడ్డం. పొద్దు వాలేవేళకి గానీ కింద ఏం రాశాడో చదవలేదండి."

ప్రసూన వంగి పైకి చదివింది. ఫారిన్ దొరసానితో మన పోజు.

ఆచారి గారు ఫోటో వంక చూశారు, నా వంక చూశారు, మంగతాయారు వంక చూశారు. గండం గడిచిందన్న సంగతి ఆయనకి అర్థమైంది. అయినా పనివాడి ప్రాణం ఊరుకోదు కదా.

"ఇంత పోలిక పెట్టానమ్మా. ఎట్లా గుర్తుపట్టలేదు?"

మంగతాయారు నన్ను చూసింది. ఆ రోజు మట్టిలో చూసి కూలబడ్డాక మళ్ళీ నా మొహంలోకి చూడటం అదే.

"ఆయన ముందు నేను తలెత్తిందెప్పుడండీ? ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేల చూపులే. స్టేజీ మీదేమో మొహం నిండా రంగు. ఈ మొహం ఆయనెప్పుడూ చూళ్ళేదండి. ఉంచెయ్యండి."

ఆచారి గారు వంగి ఆకురాయి తీసుకుని సంచిలో వేసుకున్నారు. నా కనుబొమ్మ మీద పడిన చిన్న గీతని బొటనవేలితో రుద్ది చూసి, అది పోదని తెలిసి వదిలేశారు. ప్రసూన మంగతాయారు భుజం మీద తల పెట్టి ఏడ్చింది. వామనరావు గారు గదిలోంచి వచ్చి, పని అయిపోయిందా అని అడిగి, నా ముక్కు నిశితంగా పరిశీలించి, ఇప్పుడు చాలా మెరుగ్గా ఉందని మెచ్చుకున్నారు.

మంగతాయారు ఎక్కువసేపు ఉండలేదు. సాయంత్రం రైలుకి వెళ్ళిపోవాలంది. స్రవంతికి ఫోను చేసి ఆదివారం ఇంటికి రమ్మని చెప్పింది. గాజుతలుపు దాటి ఎండలోకి నడిచింది. నా తల పోతపోసిందే అటు వైపు కాబట్టి గేటుదాకా చూడగలిగాను. రోడ్డు మీద బళ్ళు పోతూ ఉన్నాయి. ఆవిడ నిటారుగానే నడిచింది, ఎవరికీ తప్పుకోలేదు. గేటు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి, చెంగు నెత్తి మీదికి లాక్కుని, సగం మొహం కప్పుకుంది.

ఎండకే అయి ఉంటుంది. ఆ రోజు ఎండ నిజంగానే చాలా ఎక్కువగా ఉంది.